పదహారు లైన్లు, ఇరవై రెండు కౌంటర్లు

సర్వరు పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, మీరు ఏం కోర్సు చేశారమ్మా అని అడుగుతారు. ఐరాల బడిలో ఎనిమిదో తరగతి చేశాను. తొమ్మిదిలో చేరాను గానీ అక్కడి లెక్కలకూ నాకూ పొసగలేదు. ఆ మాట చెబితే నవ్వుతారు, ఏదో దాస్తున్నాననుకుంటారు. దాచడానికి ఏముంది? ఒకసారి విన్న గొంతు మరిచిపోను, ఒకసారి తిప్పిన నంబరు మరిచిపోను. ఆ రెండింటితోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది.

వచ్చిన వాళ్లకల్లా నోటితో చెప్పే ఓపిక తగ్గింది, అందుకని రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, హోదా ఎప్పుడు మారింది లాంటివి ఇందులో వెతక్కండి. ఒక చిక్కు వచ్చింది, దాన్ని విప్పబోయి నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పు గురించి చెబుతాను.

బోర్డు ముందు

నేను మొదట తిరుపతిలో ఒక లాడ్జిలో టెలిఫోను ఆపరేటర్ని. గదులు అరవై, వాటిని కలపడానికి నా బోర్డు మీద తీగలు పది. గదిలో ఎవరైనా ఫోను ఎత్తితే నా ముందు దీపం వెలుగుతుంది. ఒక తీగ తీసి రెండు కొసలూ రెండు చోట్ల గుచ్చితే మాట కలుస్తుంది. మాట అయిపోగానే పీకేయాలి. పీకకపోతే ఆ తీగ ఇంకెవరికీ పనికిరాదు.

పది తీగలూ గుచ్చి ఉన్నప్పుడు పదకొండో దీపం వెలిగితే ఏం చేయాలి? ఆ గదికి ఒక్క మాట చెప్పాలి. "ఉండండి, ఇస్తాను." ఆ మాట చెవిన పడితే మనిషి పది నిమిషాలైనా ఆగుతాడు. పడకపోతే అర నిమిషంలో మెట్లు దిగి వచ్చి బల్ల గుద్దుతాడు. కొండకు పోయి అలసి వచ్చిన వాళ్లు ఎంత గట్టిగా గుద్దగలరో నాకు బాగా తెలుసు.

ఇంకో రకం వాళ్లుండేవారు. ఫోనులో అవతలి మనిషిని ఆపి, ‘ఉండు, మా ఆమెను అడిగి చెబుతా’ అని స్నానాల గది వైపు వెళ్లిపోయేవారు. ఆమె బయటికి వచ్చే దాకా నా తీగ అక్కడే వేలాడాలి. నేను ఊరుకునేదాన్ని కాదు. తీగ పీకేసి, ఆయన మళ్లీ ఫోను దగ్గరికి వచ్చాక నేనే కలిపేదాన్ని. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. పది తీగలతో అరవై గదులు నడపాల్సి వస్తే మీకూ వచ్చేస్తుంది.

పెట్టె వచ్చింది

ఆ తర్వాత తిరుపతిలోనే ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో చేరాను. మా ఓనరు చెంగల్రాయులు గారు ఒక్క వ్యానుతో మొదలుపెట్టి, మద్రాసుకూ బెంగళూరుకూ బస్సులు తిప్పే దాకా వచ్చిన మనిషి. కోపం వస్తే జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకునేవారు. ఎంతసేపు దువ్వుకుంటే అంత కోపమని మాకు లెక్క.

మొదట్లో కౌంటర్ల వాళ్లు నాకు ఫోను చేసి సీట్లు అడిగేవారు, నేను చార్టు మీద పెన్సిలుతో గుర్తు పెట్టేదాన్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చార్టు పోయి సర్వరు వచ్చింది. తిరుపతిలో ఒక్క పెట్టె, అందులో అన్ని బస్సుల సీట్లూ ఉంటాయి. చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి, ఇంకా అటూ ఇటూ కలిపి ఇరవై రెండు కౌంటర్లు. ప్రతి కౌంటర్లో ఒక కంప్యూటరు. అది మా పెట్టెను అడగాలంటే కనెక్షన్ కావాలి. మేము దాన్ని లైను అనే పిలిచేవాళ్లం.

ఆ ప్రోగ్రాము రాసినవాడు ఢిల్లీబాబు. నగరి వాడు, మద్రాసులో చదువుకొచ్చాడు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడు. మంచి మనసు. ఓనరు అతనితో, "ఈమెకు అన్ని కౌంటర్లూ గొంతుతో తెలుసప్పా, ఈమెను ఆ పెట్టె ముందర కూర్చోబెట్టు," అన్నారు. అలా నేను సర్వరు మనిషినయ్యాను. కమాండ్లన్నీ ముగ్గు నేర్చుకున్నట్టు ఆకారం చూసి గుర్తు పెట్టుకున్నాను. అర్థాలు తర్వాత మెల్లగా వచ్చాయి.

ఒకేసారి పదహారు లైన్లు మాత్రమే పట్టేలా ఢిల్లీబాబు ప్రోగ్రాము రాశాడు. ఇరవై రెండు మందీ ఒకే క్షణాన అడగరు కదా, పదహారు చాలా ఎక్కువని అతని లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. కౌంటర్లలో కూర్చునేది మనుషులని మాత్రం అందులో రాసుకోలేదు.

నెల తిరక్కముందే పదహారూ నిండిపోవడం మొదలైంది. పదిహేడో కౌంటరుకు సర్వరు ఏమీ చెప్పదు, తెర అలాగే బిగుసుకుపోతుంది. వాళ్లు మళ్లీ నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ ఇంకో లైను కోసం ఇంకో అర్జీ. చివరికి నాకు ఫోను చేసి తిడతారు.

పదహారు చాలకపోతే అరవై పెడదాం అన్నాడు ఢిల్లీబాబు. పెట్టాడు. మరుసటి రోజు మధ్యాహ్నానికి పెట్టెలో మెమొరీ చాలక మొత్తం కూర్చుండిపోయింది. అంతకుముందు కొందరికే పని ఆగేది, ఆ రోజు అందరికీ ఆగింది. ఓనరు చాలాసేపు తల దువ్వుకున్నారు. పరిమితి అన్నది పెట్టె బలాన్ని బట్టి ఉంటుంది, మన అవసరాన్ని బట్టి కాదు. అది మీకు నచ్చకపోయినా సరే, ముందు దాన్ని గౌరవించండి. ఢిల్లీబాబు మళ్లీ పదహారుకు దించాడు.

కిటికీలోంచి తువ్వాలు

ఒక ఉదయం నేనూ ఢిల్లీబాబూ కూర్చుని తెర మీద లైన్ల జాబితా చూశాం. పదహారూ నిండి ఉన్నాయి. కానీ పని జరుగుతున్నవి నాలుగే. పన్నెండు ఊరికే తెరిచి ఉన్నాయి. పుత్తూరుకు రెండు, పలమనేరుకు మూడు. ఇది నా ప్రోగ్రాము తప్పే అని అతను కోడు తిరగేయడం మొదలుపెట్టాడు. నేను ఫోను తీసుకుని పుత్తూరు కౌంటర్లో ఉండే వల్లికి చేశాను.

"ఏం చేస్తా ఉండావు వల్లీ?"

"ఇడ్లీ తింటా ఉండానక్కా."

"మరి ఆ లైను ఇడిసిపెట్టొచ్చు గదా?"

"ఇడిస్తే మళ్లా యాడ దొరుకుతాదక్కా? పొద్దున్నే వచ్చి పట్టినా. అదొకటి తెగిపోతే ఉండనీలే అని ఇంకోటి గూడా పెట్టుకోనుండా."

పలమనేరు వాడు ఇంకా నయం. ఆలస్యంగా వచ్చే పక్క కౌంటరు స్నేహితుడి కోసం కూడా ఒకటి పట్టి ఉంచాడు.

నాకు నవ్వు ఆగలేదు. తిరుపతి బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు, సంచులు లోపలికి వేసి సీటు పట్టుకోవడం చూశారు కదా. మా కౌంటర్ల వాళ్లు పొద్దంతా ఆ తువ్వాళ్ల మధ్య బతికిన వాళ్లు. సర్వరు మీద కూడా తువ్వాలు వేశారు. లైను దొరకదన్న భయంతో ఒక్కొక్కరు రెండు పట్టుకుంటే, నిజంగానే ఎవరికీ దొరక్కుండా పోయింది.

ఇది ఏ పుస్తకంలోనూ లేదక్కా అన్నాడు ఢిల్లీబాబు. ఆ పుస్తకాలు రాసిన వాళ్లు మన బస్టాండుకు రాలేదులే అన్నాను.

రెండు నిమిషాల రూలు

మందు నేనే చెప్పాను. ఏ లైనులోనైనా రెండు నిమిషాలు ఏమీ అడగకపోతే సర్వరే తెంపేయాలి. తువ్వాలు తీసి కింద పడేసినట్టన్నమాట. ఢిల్లీబాబు గంటలో రాసేశాడు. ఆ రోజు నుంచి పదహారు లైన్లు ఇరవై రెండు కౌంటర్లకూ సరిపోయాయి. ఓనరు ఆఫీసులో అందరికీ మైసూరుపాకు తెప్పించి, మొదటి ముక్క నాకిచ్చారు. ఆ ముక్క తిన్నాక నాకు రవ్వంత గర్వం తలకెక్కిందని ఒప్పుకోవాలి.

నెల గడిచింది. ఒక గురువారం ఓనరు నన్ను పిలిచారు. ఢిల్లీబాబు తీసిచ్చిన కాగితం ఆయన ముందు ఉంది. ఏ కౌంటర్లో ఎన్ని టికెట్లు మధ్యలో తెగిపోయాయో అందులో ఉంది. అన్ని చోట్లా బాగుంది, చిత్తూరులో మాత్రం సగానికి సగం తెగిపోతున్నాయి.

చిత్తూరు కౌంటర్లో ఉండేది సామేలన్న. ఒకప్పుడు మా కంపెనీ మొదటి బస్సుకు కండక్టరు. మోకాళ్లు అరిగాక కౌంటర్లో కూర్చోబెట్టారు. యాభై అయిదేళ్ల మనిషి, ఒక్క వేలితో టైపు చేస్తాడు.

"తప్పు యంత్రానిదా, మనిషిదా?" అని అడిగారు ఓనరు.

"మనిషిదే సార్. ఆయనకు వయసైంది, వేళ్లు ఆడవు," అన్నాను.

ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం క్షణం కూడా ఆలోచించలేదు. రూలు నాది, ఇరవై ఒక్క చోట్ల పనిచేసింది. ఇక తప్పు నాదెలా అవుతుంది?

"అయితే సోమవారం నుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చో అమ్మణ్ణీ. మీ ఊరు పక్కనే గదా. సామేలును ఇంటికి పంపిస్తా," అన్నారాయన.

నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన మునికృష్ణ ఐరాలలో చెరకు పండిస్తాడు. కూతురు, అత్త అక్కడే. నేను తిరుపతిలో పిన్ని ఇంట్లో ఉండి శనివారం సాయంత్రం పోయి సోమవారం పొద్దున్నే వచ్చేదాన్ని. చిత్తూరు అయితే రోజూ సాయంత్రం ఇంటికి పోవచ్చు. ఆ మాట వినగానే నాకు సామేలన్న గుర్తుకు రాలేదు, మా ఇంటి వాకిలి గుర్తుకు వచ్చింది. ఆ పూటే మునికృష్ణకు ఫోను చేసి చెప్పాను. మా అత్త వీధంతా చెప్పింది.

సామేలన్న పక్కన

పని అప్పగింతకని శనివారం చిత్తూరుకు పోయాను. నేను లోపలికి అడుగు పెట్టేసరికి సామేలన్న స్క్రూడ్రైవరుతో కుర్చీ కింద ఏదో చేస్తున్నాడు.

"రా అమ్మణ్ణీ. నువ్వు పొట్టి మనిషివి గదా, కుర్చీ రవ్వంత ఎత్తు చేసినా," అన్నాడు.

ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఈ పూట మీరే చేయండన్నా, నేను చూస్తాను అన్నాను.

మొదట ఒక అవ్వ వచ్చింది. రాయవేలూరుకు రెండు టికెట్లు కావాలంది. సామేలన్న బస్సు తీశాడు, రెండు సీట్లు ఎంచుకున్నాడు. ఇక ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. నొక్కలేదు. అవ్వను అడగడం మొదలుపెట్టాడు. ఆస్పత్రికా? డాక్టరు ఎన్ని గంటలకు రమ్మన్నాడు? తాతకు కంటికా, కాలికా? కంటికైతే ముందు సీటు వద్దు, ఎదురు వెలుతురు పడదు. అన్నం తిని ఎక్కితే వాంతి చేసుకుంటాడా? పొద్దుటి బస్సు వేలూరులో ఊరి బయటే దింపుతుంది, తర్వాతది ఆస్పత్రి వీధి దాకా పోతుంది, అది చాలదా?

నేను గోడ గడియారం చూస్తున్నాను. రెండు నిమిషాలు కాగానే తెర ఖాళీ అయిపోయింది.

సామేలన్న తెర వైపు చూసి, "అయిపోయిందా తల్లీ నీ ఓపిక," అని మళ్లీ మొదటి నుంచి ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టాడు.

"దినామూ ఇట్లేనా అన్నా?"

"నెల దినాలుగా ఇట్లే. నాకే యాడో తప్పు పడతా ఉండాదనుకుంటి. నీకు చెప్దామనుకుంటి గానీ, నీ పని నీకుంటాది గదా."

మధ్యాహ్నం దాకా అదే జరిగింది. కండక్టరుగా ఉన్న రోజుల్లో తప్పు బస్సు ఎక్కి ఏడ్చిన వాళ్లను అంతమందిని చూసిన మనిషి, అడగకుండా టికెట్టు ఇవ్వలేడు. ఆయన ఇచ్చిన టికెట్టును రద్దు చేయమని ఎవరూ వెనక్కి రారు. ఆ సంగతి కూడా నా సర్వరులో ఉంది. నేనెప్పుడూ తీసి చూడలేదు. నా తెర మీద ఆయన రెండు నిమిషాలు నిద్రపోతున్న మనిషి. ఇక్కడ పక్కన కూర్చుని చూస్తే, ఇరవై రెండు కౌంటర్లలో అంత పని చేసేవాడు లేడు.

ఆయన తెచ్చుకున్న రాగిసంగటి, చింతాకు పప్పు ఇద్దరం పంచుకున్నాం. బయట ఐరాల బస్సు హారను కొడుతోంది. నేను నోరు మూసుకుని ఆ బస్సు ఎక్కితే సోమవారం నుంచి కుర్చీ నాది. ఎవరికీ ఏమీ తెలియదు. నిజం చెబుతున్నాను, సంగటి ముద్ద మింగేంత సేపు అలాగే చేద్దామనుకున్నాను. మింగాక మాత్రం చేతకాలేదు. కుర్చీ మళ్లీ మీ ఎత్తుకే దించుకోండన్నా, తెగిపోయేది మీ వల్ల కాదు, నా రూలు వల్ల అని చెప్పాను.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతంతా చెబితే మా అత్త రెండు రోజులు ముఖం ముడుచుకుంది. మునికృష్ణ మాత్రం, "దినామూ ఇంటికొస్తే దినామూ ఈ సర్వరు కతే చెప్తావు. వారానికొగసారే మేలు," అన్నాడు. ఆయన మంచితనం ఎప్పుడూ ఇలా వెటకారంగానే ఉంటుంది.

తప్పు నాది

సోమవారం ఓనరు ముందు నిలబడ్డాను.

"మొన్న మనిషిది తప్పంటివి. ఇప్పుడు యంత్రానిదంటావా?"

"యంత్రానిది కాదు సార్. నాది."

దువ్వెన బయటికి వచ్చింది. దువ్వుకుంటూనే, నీకు చిత్తూరు అక్కర్లేదా అని అడిగారు. కావాలి సార్, ఇట్ల మాత్రం వద్దు అన్నాను. ఆయన దువ్వెన జేబులో పెట్టి, నాకు గడువు పెట్టారు. శుక్రవారం కాణిపాకం ఉత్సవాల రద్దీ. ఆ రోజు చిత్తూరులో ఒక్క టికెట్టూ మధ్యలో తెగిపోకూడదు, మిగతా కౌంటర్లలో పని ఆగకూడదు. రెండింటిలో ఏది తప్పినా సామేలన్న ఇంటికే.

ఢిల్లీబాబుకు నా టెలిఫోను బోర్డు కథ చెప్పాను. భార్యను అడగడానికి పోయినాయన కోసం నేను తీగ వేలాడదీయలేదు కదా. మనిషి మనిషితో మాట్లాడుతున్నంత సేపు సర్వరుకు అక్కడేం పని? కౌంటరు ఒక మాట అడగాలి, జవాబు తీసుకోవాలి, లైను వదిలేయాలి. ఎంచుకున్న సీటు మీద మాత్రం ఆ కౌంటరు పేరు పది నిమిషాలు ఉంటుంది, లైను ఉన్నా లేకపోయినా.

ప్రతిసారీ కొత్తగా లైను తెరిస్తే సర్వరుకు శ్రమ అని అతను అడ్డం చెప్పాడు. అదీ నిజమే. అందుకని కొన్ని లైన్లు మేమే ఎప్పుడూ తెరిచి ఉంచి, అడిగిన వాళ్లకు ఇచ్చి, జవాబు పోగానే వెనక్కి తీసుకునేలా రాశాడు. అన్నీ పనిలో ఉంటే తెర బిగుసుకుపోకూడదు, ముందు ఎంతమంది ఉన్నారో చెప్పాలి. పదహారులో ఒక లైను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, మాకే ఉంచుకున్నాం. అంతా నిండిపోయినప్పుడు లోపలికి పోయి చూడటానికి మాకే దారి లేకపోతే ఎలా?

బుధవారం మొదటి పరీక్ష, వరస ఎలా నడుస్తుందో చూడాలని కావాలనే రెండు లైన్లే ఇచ్చాం. వల్లి వరసలో ఉన్నానని తెలిసి కూడా ఇరవైసార్లు నొక్కింది, ఇరవై చోట్ల నిలబడింది. ఒక కౌంటరు ఎన్నిసార్లు నొక్కినా వరసలో ఒక్క చోటే అని ఇంకో మాట కలిపాం.

శుక్రవారం

పొద్దున ఎనిమిది నుంచే కౌంటర్లన్నీ నిండాయి. ఢిల్లీబాబు నమలడం మానేశాడు. ఓనరు వచ్చి నా వెనక నిలబడ్డారు. తెర మీద లైన్లు అయిదు, ఏడు, మళ్లీ నాలుగు. పదకొండు గంటలకు ఒకసారి తొమ్మిది దాకా పోయి దిగింది. ఇరవై రెండు కౌంటర్లు ఒళ్లు వంచి పనిచేస్తుంటే పదహారులో సగం ఖాళీగా ఉన్నాయి.

మధ్యాహ్నం చిత్తూరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మణ్ణీ, ఈ పొద్దు ఒగసారి గూడా తెగలేదు. ఇప్పుడే ఒగామె కూతురి కాన్పు కతంతా చెప్పినాది. అంతా విని నొక్కితే సీటు అట్లే ఉండాది."

ఓనరు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

"ఏం సామేలూ, ఇంత రద్దీలో కాన్పు కతలు వింటా ఉండావా?"

అవతలి జవాబు నాకూ వినబడింది. "విన్నాను గాబట్టే సార్, తిరిగొచ్చేదానికి మూడు టికెట్లు గూడా ఇచ్చినా. పోయేది ఇద్దరు, వచ్చేది ముగ్గురు గదా."

చంటిబిడ్డకు కూడా సీటు అమ్మావా అని ఓనరు, కాదు సార్ తోడుగా ఇంకో పిన్నమ్మ వస్తుంది అని సామేలన్న. ఓనరు నవ్వుతూ ఫోను నాకిచ్చి, "ఆయన్ను ఆడనే ఉండనీ," అని వెళ్లిపోయారు.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పరిమితి వచ్చినప్పుడు ముందు పెంచకండి, ముందు తెంపకండి. ఎవరు పట్టుకుని ఉన్నారు, ఎందుకు పట్టుకుని ఉన్నారు, పోయి చూడండి. తెర మీద కదలని వాడు పని చేయడం లేదని ఎప్పుడూ అనుకోకండి. ఆగమని చెప్పే మాట లేకుండా ఏ ప్రోగ్రామూ రాయకండి.

సామేలన్న ఇంకో నాలుగేళ్లు చేసి తనంతట తనే మానుకున్నాడు. ఆయన చివరి రోజు చిన్న విందు చేశాం. అన్నాళ్లుగా నా కడుపులో ఉన్న మాట ఆ రోజు చెప్పేశాను. మొదట ఓనరు అడిగినప్పుడు తప్పు మీదేనని చెప్పింది నేనే అన్నాను.

"తెలుసులే అమ్మణ్ణీ. సార్ ఆ గురువారమే ఫోను చేసి చెప్పినాడు."

"తెలిసి గూడా నాకు సంగటి పెడితివా అన్నా?"

"తప్పు నీదైతే మాత్రం నీకు ఆకలి కాదా?" అని, నా ఆకులో ఇంకో లడ్డు వేశాడు.